గుట్టకు వేలాడేవి చెత్త కాదు

సంపాదకులు గారికి నమస్కారాలు.

మూడు వారాల కింద మీ జిల్లా పేజీలో మా ఊరి గుట్ట ఫోటో వచ్చింది. పడమటి వైపు నిట్టనిలువు బండ, దాని మీద వరుసగా వేలాడుతున్న రంగు పట్టీలు. "సందర్శకులు వదిలేసి పోయిన ఇనుప కొక్కేలతో గుట్ట అందం పాడవుతోంది" అని కింద రాశారు. ఫోటోలో కనిపించే ఐదు పట్టీలూ నావే. ఫోటోలో పడనివి, బండ పైభాగంలో ఇంకో నాలుగు ఉన్నాయి. వాటి కొక్కేలు ఇనుము కాదు, అల్యూమినియం. ఎవరూ వదిలేసి పోలేదు, నేనే తగిలించి ఉంచాను. ఆ వార్త వల్ల ఏం జరిగిందో మీకూ మీ పాఠకులకూ తెలియాలని రాస్తున్నాను. ఎవరి మీదా కోపంతో కాదు. జరిగిన దాంట్లో నా తప్పు కూడా ఉంది, అదీ చెబుతాను.

మాది భువనగిరి దగ్గర ఒక ఊరు. మా నాయిన గీత కార్మికుడు. నేను భువనగిరిలో మోటార్లు వైండింగ్ చేసే షాపులో పనిచేస్తాను. 2014 మే 25న మాలావత్ పూర్ణ పదమూడేళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కిందన్న వార్త వచ్చినప్పుడు, ఆ అమ్మాయి మొదట శిక్షణ తీసుకున్నది మా భువనగిరి బండ మీదే అని తెలిసి ఒళ్లు పులకరించింది. రోజూ షాపుకు పోతూ వస్తూ చూసే ఖిల్లా అది. ఆ ఏడాదే నేనూ ఐదు రోజుల శిక్షణకు వెళ్లాను. అప్పటి నుంచి ఆదివారం వస్తే బండ మీదే. ఇప్పుడు మా ఊరి పిల్లలు నలుగురైదుగురు నాతో వస్తారు.

బండ ఎక్కడంలో ఒక పద్ధతిని స్పోర్ట్ క్లైంబింగ్ అంటారు. టోక్యో ఒలింపిక్స్ నుంచి అది ఒలింపిక్స్‌లో కూడా ఉంది. అక్కడ కట్టిన గోడ మీద ఎక్కుతారు, మేము అసలు బండ మీద ఎక్కుతాం. బండకు డ్రిల్లింగ్ చేసి రెండు మీటర్లకొకటి చొప్పున స్టీల్ బోల్టు దిగగొడతారు. బోల్టుకు రంధ్రం ఉన్న చిన్న రేకు ఉంటుంది, దాన్ని హ్యాంగర్ అంటారు. ఈ రెండూ శాశ్వతంగా బండకే ఉంటాయి. ఎక్కేవాడు ఆ హ్యాంగర్‌కు ఒక క్విక్‌డ్రా తగిలిస్తాడు. జానెడు కూడా ఉండని గట్టి కుట్టుపని పట్టీకి రెండు చివర్లా రెండు కొక్కేలు, అదే క్విక్‌డ్రా. కొక్కేన్ని కారబైనర్ అంటాం. పై కారబైనర్ బోల్టుకు, కింది కారబైనర్‌లో తాడు. చేయి జారితే ఆ తాడు, ఆ పట్టీ, ఆ బోల్టు, కింద తాడు పట్టుకున్న మనిషి, ఈ నాలుగే దిక్కు.

మామూలుగా చివరగా ఎక్కినవాడు దిగుతూ దిగుతూ క్విక్‌డ్రాలన్నీ విప్పుకొస్తాడు. మరి నేనెందుకు ఉంచాను? ఆ పడమటి బండ మధ్యలో ముందుకు పొడుచుకొచ్చింది. మా పిల్లలు దాన్ని బొర్ర అంటారు. బొర్ర దాటాక పట్టుకోవడానికి వేలి కొస ఆనేంత రాతి పలుకులు తప్ప ఏమీ లేవు. ఆ దారిని ఒక్కసారి కూడా పడకుండా, తాడుకు వేలాడకుండా కింది నుంచి పైదాకా ఎక్కాలని ఫిబ్రవరి నుంచి ప్రయత్నిస్తున్నాను. ఇలా నెలల తరబడి ఒకే దారి మీద పనిచేస్తే దాన్ని ప్రాజెక్ట్ అంటారు. బొర్ర కింద బండ లోపలికి పోతుంది కాబట్టి దిగేటప్పుడు తాడుకు వేలాడే మనిషి బండకు దూరంగా గాల్లో తేలుతాడు. చేయి చాపినా బోల్టు అందదు. ప్రతిసారీ విప్పి మళ్లీ తగిలించాలంటే సగం పూట దానికే పోతుంది. అందుకే ఇలాంటి దారుల మీద క్విక్‌డ్రాలు వదిలి ఉంచడం ప్రపంచమంతా ఉన్న అలవాటే. వరుసగా అన్ని బోల్టులకూ పట్టీలు వేలాడుతుంటే ఎవరో దాని మీద పనిచేస్తున్నారని అర్థం. వాటిని ముట్టుకోరు.

మీ వార్త వచ్చిన తర్వాతి శనివారం నగరం నుంచి ఒక బృందం వచ్చింది. వార్త చదివే వచ్చామని తర్వాత వాళ్లే చెప్పారు. గుట్ట మీద బీరు సీసాలు, నీళ్ల ప్యాకెట్లు, చిప్స్ కవర్లు ఏరి మూడు బస్తాలు నింపుకుని పోయారని టీ కొట్టు ఆయన చెప్పాడు. ఆ పనికి వాళ్లకు దండం పెడతాను. మా ఊరివాళ్లం ఎన్నడూ చేయని పని అది. వాళ్లలో తాడుతో దిగడం వచ్చినవాళ్లు ఇద్దరు ఉన్నారు. వెనక మేకలు పోయే బాటన గుట్ట మీదికి నడిచిపోయి, పైనుంచి తాడు కట్టుకుని దిగి, "చెత్త" కదా అని నా క్విక్‌డ్రాలు నాలుగు విప్పుకున్నారు. బొర్ర వచ్చేసరికి ఇందాక చెప్పినట్టే గాల్లో వేలాడారు, కిందివి అందలేదు. వాటిని అలాగే వదిలి వెళ్లిపోయారు.

ఆదివారం పొద్దున మేము వెళ్లేసరికి కింది నుంచి చూస్తే ఐదూ వేలాడుతూనే ఉన్నాయి. బొర్ర పైన ఏముందో కింది నుంచి కనపడదు. ఆ రోజు ముందుగా ఎక్కుతానన్నది పదో తరగతి పూర్తిచేసిన ఒక పిల్లవాడు. బొర్ర దాటడం వాడికి నాకంటే సులువు. క్విక్‌డ్రాలన్నీ పైన ఉన్నాయి కదా, బరువెందుకని నడుముకు ఒక్కటి కూడా తగిలించుకోకుండా ఎక్కాడు. తగిలించుకో అని నేను చెప్పలేదు. తాడు పట్టుకుని కింద నిలబడ్డది నేను, పెద్దవాణ్ని నేను. అది నా తప్పే.

ఐదో బోల్టులో తాడు వేసి బొర్ర దాటాడు. కాళ్లు మాత్రమే కనపడుతున్నాయి. "అన్నా, ఇక్కడ ఏం లేదు" అన్నాడు. చేతికి పట్టు దొరకడం లేదనుకుని "కుడి చేయి పైన చూడరా, ఉంటది" అన్నాను. "అది కాదన్నా, క్విక్‌డ్రా లేదు!" అన్నాడు. ఆ గొంతు ఇప్పటికీ చెవిలో ఉంది. ఆరో బోల్టు వాడి నడుము దగ్గర ఉత్తగా మెరుస్తోందట. తాడు పట్టి ఉన్న ఐదో బోల్టు రెండు మీటర్ల కింద, బొర్ర అవతల. రెండడుగులు వెనక్కి దిగాలని చూశాడు. కాలికింద ఉన్నది కనపడదు. జారాడు.

బోల్టుకు రెండు మీటర్ల పైన ఉన్న మనిషి పడితే బోల్టుకు రెండు మీటర్ల కింద ఆగాలి. తాడు సాగుతుంది, వదులు కొంత ఉంటుంది. దాదాపు ఐదారు మీటర్లు పడ్డాడు. బొర్ర కింద బండకు ఎడమ కాలు కొట్టుకుంది. చీలమండ వాచింది, ఎముక విరగలేదు. వాణ్ని బండి మీద ఇంటికి తీసుకెళ్లి వాళ్లమ్మ ముందు నిలబడడం కంటే పెద్ద శిక్ష ఇంకోటి లేదు. ఆమె నన్ను ఒక్క మాట కూడా అనలేదు.

రాత్రి ఇదంతా నాయినకు చెప్పాను. అరవై దాటినా నాయిన ఇంకా కొన్ని చెట్లు ఎక్కుతాడు. మా దగ్గర సొసైటీలో చెట్లు పంచుకుంటారు. ఎవరి చెట్లు వాళ్లవి. చెట్టుకు లొట్టి, అంటే కల్లు కుండ, కట్టి ఉందంటే ఆ చెట్టుకు మనిషి ఉన్నట్టే. రాత్రంతా లొట్టి అక్కడే ఉంటుంది, కావలి ఉండదు, తాళం ఉండదు. "లొట్టి కట్టిన చెట్టు ఇంకోడెందుకు ఎక్కుతడురా?" అన్నాడు. అంతటితో ఆపుతాడనుకున్నాను. కాసేపాగి, "నీ లొట్టిని నువ్వు ఎన్నిరోజులకోసారి దించుతవు?" అని అడిగాడు.

జవాబు చెప్పలేకపోయాను. నాయిన తన లొట్టిని రోజూ దించుతాడు. గెల కొస గీసి మళ్లీ కడతాడు. దించని లొట్టిలో కల్లు పులిసి పురుగు పడుతుంది. చెట్టెక్కే తాడు, మోకునైతే చెట్టు మీద ఒక్క పూట కూడా వదలడు. చెట్టు దిగితే మోకు భుజం మీదే ఇంటికొస్తుంది, గోడకు ఎత్తులో వేలాడుతుంది. పొద్దున బయల్దేరే ముందు చివరి నుంచి చివరిదాకా అరచేతిలో జారవిడుస్తూ పోతాడు. ఎక్కడైనా పోగు లేచి ఉంటే చేయే ఆగిపోతుంది. చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. నా క్విక్‌డ్రాలు మాత్రం పదకొండు వారాలుగా బండ మీద ఉన్నాయి. ఏప్రిల్, మే ఎండల్లో.

మర్నాడు షాపుకు సెలవు పెట్టి మిగిలిన ఐదూ దించుకొచ్చి ఇంటి ముందు మంచం మీద పరిచాను. పట్టీలు కొన్నప్పుడు ముదురు ఎరుపు. ఎండ తగిలిన వైపు పాలిపోయి ఇటుక పొడి రంగులోకి వచ్చాయి. బండ వైపు ఇంకా ఎరుపే. వేలితో రుద్దితే ఎండ వైపు పోగులు గరుకుగా, పెళుసుగా తగిలాయి. నైలాన్, డైనీమా (ఇంకో రకం గట్టి దారం) పట్టీలకు ఎండే శత్రువు. వాడకుండా అల్మారాలో దాచినా తయారైన పదేళ్లకు పక్కన పెట్టమంటాయి చాలా కంపెనీలు. ఎండలో వేలాడేవాటికి ఆ లెక్క వర్తించదు.

ఐదో బోల్టుది విడిగా తీసి చూశాను. పిల్లవాడు పడ్డప్పుడు ఆపింది అదే. బొర్ర దగ్గర తాడు వంగి పోతుంది కాబట్టి మా అందరి బరువూ పదకొండు వారాలుగా దాని మీదే పడింది. మా తాడుకు ఎప్పుడూ గుట్ట మట్టి, రాతి పొడి అంటుకుని ఉంటాయి. అది ఆకురాయిలా అల్యూమినియాన్ని అరగదీస్తుంది. కింది కారబైనర్ వంపులో తాడు వెడల్పున గాడి పడింది. గోరు పెట్టి లాగితే గాడి అంచు దగ్గర గోరు ఆగింది. ఇంకోసారి లాగితే గోరు చివర చెక్కుకుపోయింది. ఆ అంచు మీద నుంచే ఆ పిల్లవాడి తాడు పోయింది. తాడు తీసి చూస్తే జానెడు మేర పై పొర నూగులా లేచి ఉంది. ఇలా అరిగిన అంచులు తాడును కోసేస్తాయని పుస్తకాల్లో చదివాను, శిక్షణలో విన్నాను. అయినా నా సామాను మీద ఎన్నడూ గోరు పెట్టి చూడలేదు.

కారబైనర్ మీద చిన్న అక్షరాల్లో బలం చెక్కి ఉంటుంది. యూరప్ ప్రమాణం ప్రకారం నిలువుగా లాగితే కనీసం 20 కిలోన్యూటన్లు ఆగాలి, అంటే రెండు టన్నుల బరువు. కారబైనర్ నోటికుండే మూత తెరుచుకుని ఉంటే 7, అంటే దాదాపు మూడో వంతు. ఆ అంకెలు కొత్త వస్తువుకు. ఎవరిదో, ఎప్పటిదో, ఎన్నిసార్లు పడితే ఆగిందో తెలియని వస్తువుకు కాదు. 2013లో ఫ్రాన్స్‌లోని ఓర్పియెర్‌లో పన్నెండేళ్ల ఇటలీ పిల్లవాడు ఇంకొకరి క్విక్‌డ్రాలతో ఎక్కి చనిపోయాడు. పట్టీ కదలకుండా పెట్టే చిన్న రబ్బరు ముక్కను తప్పుగా తొడిగారు. కారబైనర్‌ను పట్టుకుని ఉన్నది పట్టీ కాదు, ఆ రబ్బరే. బయటికి చూస్తే తేడా తెలియదు. అప్పటి నుంచి ఇతరుల క్విక్‌డ్రా చూస్తే రబ్బరు కిందికి జరిపి కుట్టు చూసేవాళ్లు చాలామంది ఉన్నారు. నేనూ మా పిల్లలతో అదే చేయిస్తాను. అది చేయించినవాణ్ని అరుగుదల సంగతి ఎలా మర్చిపోయానో!

కాబట్టి గుట్టలకు వచ్చేవాళ్లకు నేను చెప్పేది రెండు వైపులా ఉంది. అన్ని బోల్టులకూ వరుసగా పట్టీలు ఉంటే ముట్టుకోకండి. ఎక్కాలనిపిస్తే ఎక్కండి, దారి ఎవరి సొంతమూ కాదు. కానీ ఒక్కొక్కటీ చూసుకుని, నమ్మకం లేకపోతే పక్కన మీది తగిలించుకుని ఎక్కండి. దిగాక ఉన్నది ఉన్నట్టు వదలండి. సగం తీసి సగం వదలడం అన్నిటికంటే చెడ్డ పని. మొత్తం తీసేసి ఉంటే మాకు కింది నుంచే తెలిసేది, ఆ పిల్లవాడు ఖాళీ బోల్టు దాకా పోయేవాడే కాదు. తీయాల్సినంత పాతవి కనిపిస్తే అన్నీ తీసి, కింద ఊళ్లో ఎక్కడైనా చెప్పి పొండి. మధ్య బోల్టుకు ఒంటరిగా ఒక్క కారబైనర్ వేలాడుతుంటే అది వేరు. ఎవరో పైకి పోలేక దాన్ని అక్కడే వదిలి దిగిపోయారన్నమాట. దాన్ని తీసుకోవడంలో తప్పు లేదు, అడిగితే తిరిగి ఇవ్వడం మర్యాద. మొదటి బోల్టుకు ఎర్ర గుడ్డ ముక్క కట్టి ఉంటే, ఆ దారి కొత్తగా వేసినవాళ్లు ఇంకా దాన్ని పూర్తి చేయలేదని. వాళ్లు చేసేదాకా ఆగండి.

నాలాగా తగిలించి ఉంచేవాళ్లకు ఇంకో మాట. పేరు, ఫోన్ నంబరు, తగిలించిన తేదీ రాసిన బిళ్ల మొదటి పట్టీకి కట్టండి. నాది కట్టి ఉంటే ఆ బృందం నాకు ఒక ఫోన్ చేసేది, అంతే కదా. పిల్లలు నేర్చుకునే సులువు దారుల మీద ఏదీ వదలొద్దు. అక్కడ విప్పడం కష్టం కాదు, పైగా ప్రతివాడూ సొంతంగా తగిలించడం నేర్చుకోవాల్సింది అక్కడే. బొర్ర లాంటి చోట ఎప్పటికీ ఉంచాల్సి వస్తే స్టీల్ కారబైనర్లు పెట్టాలి. ధర, బరువు ఎక్కువైనా అల్యూమినియం అంత త్వరగా అరగవు. మా గుట్టకు ఐదో బోల్టు వరకైనా అలా పెట్టాలని పిల్లలం డబ్బులు పోగేస్తున్నాం. నా విషయంలో రెండు వారాలకు మించి ఏదీ బండ మీద ఉంచనని నాయినకు మాటిచ్చాను. అంతకు మించితే పని అయినా కాకపోయినా దించి, చూసి, మళ్లీ కడతాను.

ఇది నలుగురైదుగురు బండ ఎక్కేవాళ్ల గొడవ అనుకోకండి. 2024 జులైలో అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో గీత కార్మికులు చెట్టు మీది నుంచి పడకుండా కాపాడే కాటమయ్య రక్ష కిట్లు ప్రభుత్వం ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ తర్వాత నడుము పట్టీలు, తాళ్లు, కొక్కేలు గీత కార్మికుల ఇళ్లలోకి వచ్చాయి. చాలా మంచి పని, ఎన్నో ఇళ్లలో మగదిక్కు నిలబడుతుంది. కానీ అవీ ఎండలో మాడేవే, అవీ అరిగేవే. మోకును రోజూ చేత్తో తడిమి చూసే మనిషి కొత్త కిట్టును ఎలా తడిమి చూడాలో కూడా చెప్పేవాళ్లు కావాలి. కొక్కెంలో గాడి పడితే పక్కన పెట్టమని, పట్టీ రంగు వెలిస్తే అడగమని మీ పత్రికలో ఒక్క బొమ్మ వేసి రాసినా ఊళ్లలో గోడలకు అతికించుకుంటారు.

నగరం బృందం నంబరు టీ కొట్టు ఆయన దగ్గర దొరికింది. ఫోన్ చేస్తే చాలా బాధపడ్డారు. మర్నాడే ఒకాయన బండి మీద వచ్చి మూడు క్విక్‌డ్రాలు ఇచ్చి, పిల్లవాడి ఇంటికి పోయి పలకరించి వచ్చాడు. వచ్చే నెల మళ్లీ చెత్త ఏరడానికి వస్తారట, ఈసారి మేమూ కలుస్తాం. ఫోటో కింద రాసిన మాటను మీరు కూడా సరిచేస్తూ నాలుగు లైన్లు వేస్తే సంతోషిస్తాం.

నాలుగో క్విక్‌డ్రా విప్పేటప్పుడు చేయి జారి కింద సీతాఫలం పొదల్లో పడిందట. రెండు రోజులు వెతికాం, దొరకలేదు. ఎర్ర పట్టీ, ఒకవైపు వెలిసింది, పై కారబైనర్ మీద పచ్చ టేపు చుట్టి ఉంటుంది. అంత ఎత్తు నుంచి రాతి మీద పడ్డది, లోపల ఎక్కడ దెబ్బతిందో కంటికి కనపడదు. మేకల కాపర్లకు గానీ, గుట్టకు వచ్చేవాళ్లకు గానీ దొరికితే టీ కొట్టులో ఇచ్చి పొండి. ఇవ్వకపోయినా పర్వాలేదు, దానితో మాత్రం ఎవరూ బండ గానీ చెట్టు గానీ ఎక్కొద్దు.

ఇట్లు,
మీ పాఠకుడు,
భువనగిరి మండలం